నిజాముల్ ముల్క్ ఆసఫ్ జాహ్ - ఒక ముహర్రం యుద్ధం

గుంటూరు నుండి నరసరావుపేట వెళ్ళే దారిలో ఫిరంగిపురం దగ్గర ఎడమ వైపున కొండవీడు కొండలు కనిపిస్తాయి. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. మదరసా పిల్లల్ని తీసుకుని ఒకసారి ఆ కొండ ఎక్కాను. ఇది ఎవరి కోట అని పిల్లలు అడిగారు. రెడ్డి రాజులది, ఆ తర్వాత గజపతులది, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నది, 16వ శతాబ్దం చివర గోల్కొండ సుల్తానులు స్వాధీనం చేసుకుని ముర్తజానగర్ అని పేరు మార్చినది, 1687లో మొఘలులది, 1724 తర్వాత నిజాముది అని వరుసగా చెప్పుకొచ్చాను. ఒక పిల్లవాడు వెంటనే అందుకుని, నిజాం అంటే ఉస్మానియా ఆసుపత్రి కట్టించిన ఆయనే కదా అన్నాడు.

ఆ పిల్లవాడిని తప్పు పట్టలేను. మన ఇళ్ళలో నిజాం అనగానే అందరికీ గుర్తొచ్చేది చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖానే. ఆయన వజ్రాలు, ఆయన పొదుపు, 1948 సెప్టెంబరులో ఆయన రాజ్యం భారతదేశంలో కలిసిపోవడం, ఇవే మనకు తెలిసిన కథలు. ఆ రాజ్యాన్ని 224 సంవత్సరాల ముందు నిలబెట్టిన మనిషి ఎవరో, ఎలా నిలబెట్టాడో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందిలో కొందరు ఆయనను వలీగా చూస్తారు, కొందరు పాదుషాను మోసగించిన కపటిగా చూస్తారు. నేను చదివినంతలో ఆయన ఈ రెండూ కాడు. ఆయనను సరిగా అర్థం చేసుకోవాలంటే ఒక్క సంవత్సరాన్ని దగ్గరగా చూడాలి. అది క్రీ.శ. 1724. హిజ్రీ లెక్కలో ఆ సంవత్సరం శరదృతువులో 1137 మొదలయింది.

సమర్‌ఖంద్ నుండి గోల్కొండ దాకా

ఆయన అసలు పేరు మీర్ ఖమరుద్దీన్. 1671 ఆగస్టులో పుట్టాడు. ఆ పేరు పెట్టింది ఔరంగజేబ్ పాదుషా. తాతగారు ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖంద్ నుండి వచ్చిన విద్వాంసుల కుటుంబీకుడు. ఆ కుటుంబం తమ వంశాన్ని సుప్రసిద్ధ సూఫీ షేఖ్ షిహాబుద్దీన్ సుహ్రవర్దీ (రహ్మలై) ద్వారా హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) వరకు చెప్పుకునేది. తల్లి సఫియా ఖానం, షాజహాన్ పాదుషా దగ్గర ప్రధానిగా పనిచేసిన సాదుల్లా ఖాన్ కుమార్తె. అంటే ఒక వైపు విద్య, మరో వైపు రాజకార్యం. ఈ రెంటి మధ్య పెరిగిన పిల్లవాడు.

ఖ్వాజా ఆబిద్ ఔరంగజేబ్ కొలువులో ధర్మాదాయ శాఖకు అధిపతి అయిన సద్ర్ పదవి నిర్వహించాడు. 1687లో మొఘల్ సైన్యం గోల్కొండను ముట్టడించినప్పుడు కోట మీది నుండి వచ్చిన గుండు ఆయన భుజాన్ని ఛిద్రం చేసింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన పక్కనున్నవారితో మాట్లాడుతూ రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడని చరిత్రకారులు రాశారు. కొద్ది రోజులకే చనిపోయాడు. ఆయన సమాధి హైదరాబాదు శివారు కిస్మత్‌పూర్‌లో ఉంది. ఆయన ధైర్యానికి ఆశ్చర్యపోతాం, సరే. కాని కోట లోపలి నుండి ఆ గుండు పేల్చినవారు కూడా ఐదు పూటలా నమాజు చేసే అబుల్ హసన్ తానాషా సైనికులే. ఇది గుర్తు పెట్టుకోండి, ఈ కథలో ఇది మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

తండ్రి గాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్ మొఘల్ సేనానుల్లో అగ్రగణ్యుడు. దక్కన్‌లో మహమ్మారి వ్యాపించినప్పుడు ఆయన కంటి చూపు పోయింది. అయినా ఔరంగజేబ్ ఆయనను పదవి నుండి తప్పించలేదు. చూపు లేకుండానే ఇరవై ఏళ్ళకు పైగా సేనలు నడిపి 1710లో గుజరాత్ సుబేదారుగా మరణించాడు. ఢిల్లీ అజ్మేరీ దర్వాజా దగ్గర ఆయన కట్టించిన మదరసాలోనే ఆయనను ఖననం చేశారు. తర్వాతి కాలంలో 1825లో ఢిల్లీ కాలేజీ మొదలయింది ఆ మదరసాలోనే. మౌలానా మమ్లూక్ అలీ (రహ్మలై) అరబీ బోధించింది ఆ కాలేజీలోనే. దేవ్‌బంద్ స్థాపకుల్లో ఒకరైన మౌలానా ఖాసిం నానౌత్వీ (రహ్మలై) ఆయన శిష్యుడే. ఒక గుడ్డి సేనాని పెట్టిన విద్యాలయం నీడ మన ఊళ్ళ మదరసాల దాకా వచ్చిందన్నమాట. నేను చదువుకునే రోజుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, తర్వాత పుస్తకాల్లో చూసి తెలుసుకున్నాను.

కత్తి దించిన నాళ్ళు

మీర్ ఖమరుద్దీన్ పసితనం నుండే కొలువులో పెరిగాడు. ఇరవై ఏళ్ళ వయసుకు చీన్ ఖిలీచ్ ఖాన్ అనే బిరుదు వచ్చింది. 1705లో వాగింగేరా కోట ముట్టడిలో పేరు తెచ్చుకున్నాడు. పాతికేళ్ళకు పైగా దక్కన్‌లో గుడారాల్లోనే గడిపిన ఔరంగజేబ్ 1707 మార్చిలో అహ్మద్‌నగర్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఖమరుద్దీన్ బీజాపూర్ సుబేదారు, వయసు 35.

పాదుషా మరణించాడో లేదో, కొడుకులు ముగ్గురూ సింహాసనం కోసం కత్తులు దూశారు. పెద్దవాడు ముఅజ్జం తమ్ముడు ఆజంను ఆగ్రా దగ్గర జాజావ్‌లో చంపించి బహాదుర్ షా పేరుతో గద్దె ఎక్కాడు. చిన్న తమ్ముడు కాంబక్ష్ 1709 జనవరిలో హైదరాబాదు దగ్గర అన్న సైన్యంతో పోరాడి గాయాలతో ప్రాణం వదిలాడు. ఈ అన్నదమ్ముల పోరులో ఖమరుద్దీన్ ఎవరి పక్షానా కత్తి ఎత్తలేదు. ఆజం ఆయనకు పదవి పెంచాడు, అయినా ఆయన వెంట ఉత్తరాదికి వెళ్ళలేదు. బహాదుర్ షా అవధ్ సుబేదారీ ఇచ్చాడు. కొన్నాళ్ళకు ఆయన దానికీ రాజీనామా ఇచ్చి, బిరుదులు వదులుకుని, ఢిల్లీలో ఫకీరులా ఇంటి పట్టున కూర్చున్నాడు.

ముస్లింల మధ్య కల్లోలం పుట్టినప్పుడు ఇంట్లో కూర్చోవడం మన ధర్మంలో పిరికితనం కాదు. హజ్రత్ అలీ (రజి) కాలంలో అంతర్యుద్ధాలు వచ్చినప్పుడు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి), హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి), హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) వంటి మహనీయ సహాబాలే దూరంగా ఉండిపోయారు. ఖమరుద్దీన్ ఆ ఏళ్ళలో వారిని తలచుకునే అలా చేశాడని నేను అనను, మనిషి మనసులో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. కాని చేతలు చూస్తే ఆ మార్గం ఆయనకు తెలుసు. ఒకసారి ఆ మార్గాన నడిచాడు కూడా. అందుకే తర్వాత జరిగినది మరింత బాధ కలిగిస్తుంది.

ఢిల్లీలో కాళ్ళు నిలవని రోజులు

1713లో ఫర్రుఖ్‌సియర్ పాదుషా ఆయనకు నిజాముల్ ముల్క్ బిరుదు, దక్కన్ సుబేదారీ ఇచ్చాడు. రెండేళ్ళకే వెనక్కి పిలిచారు. అప్పటికి ఢిల్లీలో రాజ్యం నడుపుతున్నది సయ్యద్ సోదరులు అబ్దుల్లా ఖాన్, హుసేన్ అలీ ఖాన్. 1719లో వారు తాము గద్దె ఎక్కించిన ఫర్రుఖ్‌సియర్‌నే కళ్ళు పొడిపించి, గొంతు బిగించి చంపించారు. ఆ ఒక్క సంవత్సరంలో ఇద్దరు పాదుషాలు గద్దె ఎక్కి చనిపోయారు, మూడోవాడు ముహమ్మద్ షా.

మాళవకు పంపబడిన నిజాముల్ ముల్క్‌కు తన వంతు వస్తుందని అర్థమయింది. 1720లో నర్మద దాటి దక్కన్‌కు వచ్చేశాడు. జూన్‌లో ఖాండ్వా దగ్గర, ఆగస్టులో బాలాపూర్ దగ్గర సయ్యద్‌లు పంపిన సేనలను ఓడించాడు. బాలాపూర్‌లో హుసేన్ అలీ దత్తపుత్రుడు ఆలం అలీ ఖాన్ ఏనుగు మీదే పోరాడుతూ చనిపోయాడు. అతడికి ఇరవై ఏళ్ళు. ఇంట్లో కూర్చున్న ఫకీరు ఇప్పుడు పూర్తిగా రణరంగంలోకి దిగాడు.

సయ్యద్‌లు పతనమయ్యాక 1722లో ముహమ్మద్ షా ఆయనను ప్రధాన వజీరును చేశాడు. పాదుషాకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. కొత్త వజీరుకు యాభై దాటాయి. ఔరంగజేబ్ కొలువు క్రమశిక్షణలో పెరిగినవాడు. పదవులకు నజరానా పేరుతో లంచం పుచ్చుకోవడం ఆపాలని, ఖజానా భూములను గుత్తకు ఇవ్వడం మానాలని, పనిచేసే సైన్యాధికారులకే జాగీర్లు దక్కాలని చెప్పాడు. పాదుషా చుట్టూ ఉన్నవారు ఆయన పాతకాలపు అంగీని, వంగి చేసే సలాములను చూసి వెనక నవ్వుకునేవారు. పాదుషా కూడా వారితో కలిసి నవ్వాడంటారు. 1723 చివరలో ఆరోగ్యం, వేట అని సాకు చెప్పి నిజాముల్ ముల్క్ ఢిల్లీ వదిలాడు. అక్కడి నుండి దక్కన్ దారి పట్టాడు.

ఇక్కడ ఒక్కమాట. ఆయన వెళ్ళిపోవడం తిరుగుబాటేనని కొందరు చరిత్రకారుల తీర్పు. నాకు మాత్రం అది అంత తేలికగా తేలే విషయం అనిపించదు. సంస్కరించనివ్వని కొలువులో కూర్చుని జీతం తినడం కంటే వెళ్ళిపోవడమే మేలు కావచ్చు. కాని ఆయన వెళ్ళింది మక్కాకు కాదు, మదరసాకు కాదు. ఆరు సుబాల రాజ్యానికి.

ముబారిజ్ ఖాన్

ఆ ఆరు సుబాల్లో హైదరాబాదు ఒకటి. దాని సుబేదారు ముబారిజ్ ఖాన్. బల్ఖ్ నుండి పసితనంలో తల్లితో వచ్చినవాడు. స్వయంకృషితో పైకి వచ్చి, ఔరంగజేబ్ కార్యదర్శి ఇనాయతుల్లా ఖాన్ కూతుర్ని పెళ్ళాడాడు. పదకొండేళ్ళుగా హైదరాబాదును పాలిస్తున్నాడు. అంతకు కొన్నేళ్ళ ముందు సర్వాయి పాపన్న వరంగల్‌నూ, భువనగిరినీ కొల్లగొట్టిన రోజులను జనం ఇంకా మరచిపోలేదు. అలాంటి సుబాలో ముబారిజ్ ఖాన్ దారులు కట్టుదిట్టం చేశాడు, కోస్తా జమీందారుల నుండి శిస్తు రాబట్టాడు. హైదరాబాదు నగరం చుట్టూ రాతి గోడ కట్టించడం మొదలుపెట్టింది ఆయనే.

ఆయన నిజాముల్ ముల్క్‌కు కొత్తవాడు కాదు. 1720లో సయ్యద్‌లకు వ్యతిరేకంగా ఆయన పక్షాన చేరినవాడే. అలాంటి మనిషికి 1724లో ఢిల్లీ నుండి రహస్యంగా ఆజ్ఞ వచ్చింది. నిజాముల్ ముల్క్‌ను అడ్డుకో, దక్కన్ సుబేదారీ అంతా నీకే అని దాని సారాంశం. పాదుషా ఒకరిని బహిరంగంగా మన్నిస్తూ, అతడిని చంపమని మరొకరికి చాటుగా రాశాడు. ఇద్దరిలో ఎవరు చచ్చినా ఢిల్లీకి లాభమే అని కొలువులో లెక్క వేసుకున్నారు. ముబారిజ్ ఖాన్ దృష్టిలో అది పాదుషా ఫర్మానా. ఆయన దాన్ని పాటించడం విధేయత. నిజాముల్ ముల్క్ దృష్టిలో అది శత్రువుల కుట్ర. ఆయన తనను కాపాడుకోవడం ఆత్మరక్షణ. ఇద్దరి దగ్గరా చెప్పుకోవడానికి ఒక న్యాయం ఉంది. ఫిత్నా అంటే ఇదే. దూరం నుండి చూసేవారికి అందులో ఒకడు దుర్మార్గుడు, ఒకడు సన్మార్గుడు కనిపించాలి. లోపల ఉన్నవారికి అలా కనిపించదు.

నిజాముల్ ముల్క్ తొందరపడలేదు. ఔరంగాబాదులో ఉండి ముబారిజ్ ఖాన్‌కు ఉత్తరాలు రాశాడు. ఈ రక్తపాతం వద్దని నచ్చజెప్పాడు. ఈ సంగతి ఆయన పక్షాన చెప్పాల్సిందే. అవతలి వైపు నుండి సైన్యం కదిలింది. చివరకు 1724 అక్టోబరు 11న బేరార్‌లోని షకర్ ఖేడా దగ్గర, ఇప్పటి మహారాష్ట్ర బుల్ఢానా జిల్లాలో, రెండు సైన్యాలు ఎదురుపడ్డాయి.

ఆ నెల ముహర్రం. పోరు నిషిద్ధమైన నాలుగు పవిత్ర మాసాల్లో ఒకటి. ఆ నిషేధం తర్వాత రద్దయిందా, నిలిచి ఉందా అని ఫుఖహాల్లో చర్చ ఉంది, అది వేరే సంగతి. అజ్ఞాన కాలపు అరబ్బులు సైతం ఆ నెలల్లో తండ్రిని చంపినవాడు ఎదురైనా కత్తి దించేవారు. ఇక్కడ రెండు శిబిరాల్లోనూ తెల్లవారుజామున ఒకే అజాన్ వినిపించింది. ఒకే ఖిబ్లా వైపు సఫ్‌లు కట్టారు. తర్వాత యుద్ధానికి లేచారు.

ముబారిజ్ ఖాన్ వెనుదిరగలేదు. ఏనుగు మీద ఒళ్ళంతా గాయాలతో పోరాడి మరణించాడు. ఆయన ఇద్దరు కొడుకులు కూడా ఆ మైదానంలోనే చనిపోయారు. నిజాముల్ ముల్క్ ఆ తల తీయించి, తిరుగుబాటుదారుణ్ణి అణచివేశానని అభినందన లేఖ జతచేసి ఢిల్లీకి పంపించాడు. ఎవరి మాట మీద ఆ మనిషి యుద్ధానికి వచ్చాడో ఆ పాదుషాకే ఆ తల వెళ్ళింది. రాజకీయంగా అంతకన్నా తెలివైన జవాబు లేదంటారు. కావచ్చు. శవాన్ని అవమానించడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు, శత్రువు అవిశ్వాసి అయినా సరే. ఆ తెలివిని నేను మెచ్చుకోలేను. షకర్ ఖేడాకు విజయ చిహ్నంగా ఫతహ్ ఖేడా అని పేరు పెట్టారు. జనం మాత్రం పాత పేరునే వాడుకున్నారు, ఈనాటికీ ఆ ఊరు సాఖర్‌ఖేర్డాయే.

ముహమ్మద్ షా ఏం చేశాడు? మరుసటి సంవత్సరం 1725లో దక్కన్ సుబేదారీని ఖరారు చేస్తూ ఆయనకు ఆసఫ్ జాహ్ అనే బిరుదు పంపించాడు. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) కొలువులో ఆసఫ్ బిన్ బర్ఖియా అనే మంత్రి ఉండేవాడని మన తఫ్సీర్ గ్రంథాల్లో ప్రసిద్ధి. ఆ ఆసఫ్‌తో సమానమైన హోదా గలవాడని ఆ బిరుదుకు అర్థం. ఒక తల వెళ్ళింది, ఒక బిరుదు వచ్చింది. మన పుస్తకాల్లో ఆసఫ్ జాహీ వంశం 1724లో మొదలయిందని ఒక వాక్యంలో రాసేస్తారు. ఆ వాక్యం వెనుక ఉన్నది ఇదీ.

ముబారిజ్ ఖాన్ కొడుకుల్లో మరొకడు గోల్కొండ కోట తలుపులు మూసుకుని కూర్చున్నాడు. ఇక్కడ ఆసఫ్ జాహ్ మరో యుద్ధానికి దిగలేదు. మాటలతో ఒప్పించి, 1725 ఆరంభంలో కోట పుచ్చుకుని, ఆ కుటుంబానికి పదవులు, జాగీర్లు ఇచ్చాడు. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన నగరపు గోడను కూడా వదిలేయకుండా పూర్తి చేయించాడు. ఆ గోడలో చాలా భాగం 20వ శతాబ్దంలో పోయింది. పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. హైదరాబాదు వెళ్ళినప్పుడు చూడండి. చంపినవాడు, చచ్చినవాడు ఇద్దరూ కలిసి కట్టిన గోడ అది.

మన కోస్తా

ఆసఫ్ జాహ్ ఎన్నడూ స్వతంత్ర రాజునని ప్రకటించుకోలేదు. ఖుత్బాలో, నాణేల మీద చివరిదాకా ఢిల్లీ పాదుషా పేరే ఉండేది. ఆయన రాజధాని కూడా హైదరాబాదు కాదు, ఔరంగాబాదు. రాజధాని హైదరాబాదుకు మారింది ఆయన కొడుకు నిజాం అలీ ఖాన్ కాలంలో, 1763లో.

కృష్ణకు ఇవతల ముర్తజానగర్ సర్కారు, అంటే కొండవీడు, వినుకొండ, బెల్లంకొండ ప్రాంతాలు ఆయన పాలనలోకి వచ్చాయి. ఒంగోలు వైపు భూములు నెల్లూరుతో పాటు ఆర్కాటు నవాబు కింద ఉండేవి. ఆ నవాబు దక్కన్ సుబేదారుకు లోబడినవాడు. కృష్ణకు అవతల రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను అన్వరుద్దీన్ ఖాన్‌కు అప్పగించాడు. ఈయననే తర్వాత ఆర్కాటు నవాబును చేశాడు.

మన పూర్వీకులకు ఈ రాజ్యం వల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే, అబద్ధం చెప్పకుండా సమాధానం చెప్పాలి. ఈ గడ్డ మీది ముస్లింలలో నవాబుల వంశస్థులు ఎందరు? దూది ఏకే నూర్‌బాషాలు, కోటల్లో కాపలా కాసిన సిపాయిలు, సంతల్లో చిల్లర వ్యాపారం చేసుకున్నవారు, వీరే ఎక్కువ. మన పత్తితో నేసిన బట్ట మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుండి ఓడలెక్కేది. పాలించేవాడి మతం ఏదైనా నేతగాడికీ, దూదేకుల వానికీ దక్కేది కూలే. దారులు భద్రంగా ఉంటే ఆ కూలి ఇంటికి చేరేది, లేకుంటే దారిలోనే పోయేది. ఆసఫ్ జాహ్ కాలంలో దక్కన్ మొత్తం మీద దారులు కొంత భద్రపడ్డాయన్నది నిజం. ఆ మేరకు మేలు జరిగింది. అంతకు మించి మన రాజ్యం అని గర్వపడేవారిని చూస్తే నాకు కాస్త నవ్వొస్తుంది.

ఏడు రొట్టెల కథ

ఆయన గురించి చెప్పే కథల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది కుల్చాల కథ. దక్కన్‌కు వచ్చేముందు ఔరంగాబాదులో షేఖ్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ (రహ్మలై) దగ్గరకు వెళ్ళాడని, ఆ బుజుర్గ్ కుల్చాలు పెడితే ఆకలితో ఏడు తిన్నాడని, ఏడు తరాలు రాజ్యం చేస్తావని ఆయన దీవించారని చెబుతారు. ఆసఫ్ జాహీ జెండా మీది గుండ్రటి గుర్తు ఆ కుల్చాయేనంటారు.

ఆ షేఖ్ గొప్ప చిష్తీ బుజుర్గ్, 1730 ప్రాంతంలో మరణించారు, అంతవరకు నిజమే. కథ సంగతి వేరు. ఎవరు ఎన్ని తరాలు రాజ్యం చేస్తారన్నది అగోచర జ్ఞానం, అది అల్లాహ్ ఒక్కడికే చెందింది. పోనీ లెక్క అయినా కుదిరిందా అంటే అదీ లేదు. ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఏడో ఆసఫ్ జాహ్ అన్నారు కాబట్టి ఏడుతో సరిపోయినట్టు అనిపిస్తుంది. కాని మొదటి ఆసఫ్ జాహ్ తర్వాత నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్ ముగ్గురూ గద్దె మీద కూర్చున్నారు. వారిని లెక్కలోంచి తీసేస్తేనే ఏడు వస్తుంది. రొట్టెలు పది తినాల్సింది.

ముసలితనం

మరాఠాలతో ఆయన పోరాటాల గురించి ఎక్కువ చెప్పను. 1728లో పాల్‌ఖేడ్ దగ్గర పీష్వా బాజీరావు ఆయన సైన్యాన్ని నీళ్ళు, ధాన్యం అందని చోట చుట్టుముట్టి సంధికి ఒప్పించాడు. 1737 చివరలో భోపాల్ దగ్గరా అదే జరిగింది. రెండుసార్లూ ఓటమిని అంగీకరించి ప్రాణాలు కాపాడాడు.

1739లో ఇరాన్ పాదుషా నాదిర్ షా దండెత్తి వచ్చాడు. కర్నాల్ దగ్గర మొఘల్ సైన్యం కుప్పకూలింది. 67 ఏళ్ళ ఆసఫ్ జాహ్ శత్రు శిబిరానికి వెళ్ళి యాభై లక్షల రూపాయలకు ఒప్పందం కుదిర్చాడు. ఆ డబ్బు తీసుకుని నాదిర్ వెనక్కి పోయేవాడే. మీర్ బఖ్షీ పదవి తనకు కాక ఆసఫ్ జాహ్‌కు దక్కిందన్న అసూయతో అవధ్ సుబేదారు సాదత్ ఖాన్ వెళ్ళి, ఢిల్లీకి వస్తే ఇంకా ఎన్నో రెట్లు దొరుకుతుందని నాదిర్ చెవిలో ఊదాడు. ఒక్క మనిషి అసూయ ఒక నగరాన్ని ముంచింది. మార్చి 22న చాందినీ చౌక్‌లో సునహరీ మస్జిద్‌లో కూర్చుని నాదిర్ ఢిల్లీ ప్రజల ఊచకోతకు ఆజ్ఞ ఇచ్చాడు. ఉదయం నుండి మధ్యాహ్నం దాకా వేలాదిమంది తెగిపడ్డారు. కత్తి కింద పడినవారు ముస్లింలు, హిందువులు అందరూ. కత్తి పట్టినవాడూ ముస్లిమే. ఆసఫ్ జాహ్, వజీరు ఖమరుద్దీన్ ఖాన్ నాదిర్ ముందుకు వెళ్ళి ప్రాధేయపడ్డాకే ఆ కోత ఆగింది. తన జీవితంలో ఆయన చేసిన అన్ని పనుల్లో ఆ ఒక్క గంట నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. గెలిచిన యుద్ధాలు కాదు.

ఆయన ఢిల్లీలో చిక్కుకుని ఉండగా దక్కన్‌లో కొడుకు నాసిర్ జంగ్ అధికారం రుచి చూశాడు. తండ్రి తిరిగి వస్తే అప్పగించనన్నాడు. 1741లో ఔరంగాబాదు ఈద్గాహ్ దగ్గర తండ్రి మీద కత్తి దూశాడు. రెండు పండుగల్లో జనం ఆలింగనాలు చేసుకునే చోట తండ్రీకొడుకుల సైన్యాలు తలపడ్డాయి. కొడుకు గాయపడి పట్టుబడ్డాడు. డెబ్బై ఏళ్ళ ముసలి తండ్రి, కొడుకు బతికి ఉన్నందుకు సంతోషించాడు. కొన్నాళ్ళు కాందహార్ కోటలో ఉంచి, ఆ తర్వాత క్షమించి వదిలేశాడు. ఆ కాందహార్ అఫ్ఘానిస్థాన్‌ది కాదు, మన నాందేడ్ దగ్గరిది. ముబారిజ్ ఖాన్ కొడుకులు ఇద్దరు షకర్ ఖేడాలో చనిపోయారు. తన కొడుకు మాత్రం తన చేతిలో చావకుండా మిగిలాడు. ఆ రాత్రి ఆయనకు పాత ముహర్రం జ్ఞాపకం వచ్చి ఉంటుందా?

వీలునామా

1748 వేసవిలో బుర్హాన్‌పూర్‌లో జబ్బు పడ్డాడు. చావు దగ్గరపడిందని తెలిసి నాసిర్ జంగ్‌ను పిలిపించి వసీయత్ రాయించాడు. ఆ వసీయత్ మిగిలింది, దాని అనువాదాలు ఉన్నాయి. అందులో ఆయన చెప్పినవి కొన్ని నా మాటల్లో చెబుతాను. మరాఠాలు ఈ నేలకు యజమానుల్లాంటివారు, వారితో సఖ్యంగా ఉండమన్నాడు. పాదుషాకు విధేయుడిగా ఉండమన్నాడు. రాజు మేడల్లో కాకుండా ఎక్కువ కాలం గుడారాల్లో ఉంటూ రాజ్యమంతా తిరగాలన్నాడు. చిన్న తమ్ముళ్ళను కన్నబిడ్డల్లా చూసుకోమన్నాడు. సాధ్యమైనంతవరకు యుద్ధాన్ని తానుగా మొదలుపెట్టవద్దన్నాడు.

వీటన్నిటిలో ఒక్కటి నన్ను ఆపేసింది. మనిషి ప్రాణం తీసే విషయం. అల్లాహ్ కట్టిన భవనమైన మనిషిని పడగొట్టే హక్కు పాలకుడి సొంత ఇష్టానికి వదిలేది కాదని, మరణశిక్ష తీర్పును షరీఅత్ ప్రకారం నిర్ణయించే ఖాజీకే అప్పగించమని కొడుక్కి చెప్పాడు. షకర్ ఖేడా నుండి తల పంపించినప్పుడు ఏ ఖాజీనీ అడగలేదు. పశ్చాత్తాపం అన్న మాట ఆ వీలునామాలో లేదు. కాని ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఆ మాట రాయించినవాడు ఆయనే.

1748 జూన్ 1న కన్నుమూశాడు. అంతకు కొద్ది వారాల ముందే ఢిల్లీలో ముహమ్మద్ షా చనిపోయాడు. తమ్ముళ్ళ గురించిన మాట, యుద్ధం గురించిన మాట నిలవలేదు. కొడుకు నాసిర్ జంగ్, మనుమడు ముజఫ్ఫర్ జంగ్ గద్దె కోసం పోట్లాడుకున్నారు. ఒకరి పక్షాన ఇంగ్లీషువారు, ఒకరి పక్షాన ఫ్రెంచివారు చేరారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్, మరో రెండు నెలలకు ముజఫ్ఫర్ జంగ్ హత్యకు గురయ్యారు. సైన్యం జీతాల కింద కోస్తా సర్కార్లు ఫ్రెంచివారికి, వారి నుండి ఇంగ్లీషువారికి పోయాయి. గుంటూరు సర్కారు మాత్రం ఆసఫ్ జాహ్ మరో కొడుకు బసాలత్ జంగ్ జాగీరుగా కొంతకాలం మిగిలింది. ఆయన 1782లో చనిపోయాడు, సమాధి ఆదోనిలో ఉంది. 1788లో గుంటూరును ఇంగ్లీషువారు తీసుకున్నారు. ఒంగోలు, నెల్లూరు 1801లో ఆర్కాటు నవాబు చేతుల నుండి వెళ్ళిపోయాయి.

ఆసఫ్ జాహ్‌ను ఔరంగాబాదు దగ్గర ఖుల్దాబాదులో, హజ్రత్ బుర్హానుద్దీన్ గరీబ్ (రహ్మలై) దర్గా ఆవరణలో ఖననం చేశారు. ఆయనకు పేరు పెట్టిన ఔరంగజేబ్ సమాధి అక్కడికి దగ్గరలోనే, ఆకాశం కింద ఉంది. తండ్రి మీద కత్తి దూసిన నాసిర్ జంగ్‌ను కూడా తీసుకొచ్చి ఆయన పక్కనే పడుకోబెట్టారు.